పెన్ను మీద అమరావతి పూలదండ: నా అనుభవం

పెన్ను మీద బొమ్మ వేయడం వేరు, పెన్ను మీద బొమ్మను లేపడం వేరు. రంగుతో వేసిన పువ్వు కంటికే తెలుస్తుంది. ఉబ్బెత్తుగా లేచిన పువ్వు వేళ్లకూ తెలుస్తుంది. రోజంతా చేతిలో ఉండే వస్తువుకు ఈ రెండో అలంకారమే తగినదని నాకు చాలాకాలంగా ఉన్న అభిప్రాయం. అయితే చేతికి తెలియాలే గాని గుచ్చుకోకూడదు. ఆ రెంటికీ మధ్య తేడా మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. నేను పడ్డ శ్రమలో ఎక్కువ భాగం ఆ కాస్త తేడా కోసమే.

నేను రాజమహేంద్రవరంలో గణితం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఈ ఊరికీ ఫౌంటెన్ పెన్నుకూ ఉన్న సంబంధం తెలుగువారికి కొత్త కాదు. 1930లలో కె.వి. రత్నం గారు ఇక్కడ స్వదేశీ పెన్ను చేసి గాంధీజీకి పంపారు. అది అందిందని, విదేశీ పెన్నుల స్థానంలో వాడుకోదగినట్టు ఉందని ఆయన 1935లో ఉత్తరం రాశారు. అప్పటి నుంచి ఈ ఊళ్లో ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేత్ మీద తిప్పి, చేత్తో మరలు కోసి పెన్ను చేసే పని కొనసాగుతూనే ఉంది. ఆ పనిని దగ్గర నుంచి చూస్తూ పెరిగినవాణ్ణి. ఒక చిన్న లేత్ కొనుక్కుని సెలవుల్లో పెన్నులు చేయడం అలవాటైంది. నున్నటి నల్లటి పెన్నులు చేయడం చేతికి పట్టుబడిన తరువాత, వాటి మీద ఉబ్బెత్తు పని చేయాలన్న కోరిక కలిగింది.

ఎబొనైట్ మీదే చెక్కవచ్చు కదా అని అడిగినవారున్నారు. చెక్కవచ్చు. కాని ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి వేడిమీద గట్టిపరచిన పదార్థం. లేత్ మీద వెన్నలా తెగుతుంది గాని, సన్నటి రేకుల అంచుల దగ్గర పెచ్చులు లేస్తుంది. పైగా నల్లటి పెన్ను మీద నల్లటి పువ్వు వెలుతురు పడితే తప్ప కనిపించదు. వెండి రేకును కొట్టి నగిషీ తొడుగు చేయడం మరో దారి. అది కంసాలి పని, ఏళ్ల సాధన కావాలి. జపాన్ వారి తకమాకియె పెన్నులు ఇంకో దారి. అక్కడ చెట్టు పాలతో చేసే లక్కను పొరలు పొరలుగా ఎత్తు పెంచుతూ, బంగారు పొడి చల్లుతూ నెలల తరబడి పని చేస్తారు. వాటి ముందు నిలబడితే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. నాకు అందుబాటులో ఉన్నది రెజిన్ పోత, అంటే ద్రవంగా పోస్తే గట్టిపడే పదార్థంతో చేసే పోత: ఒక నమూనా చెక్కడం, దాని మీద సిలికాన్ మూస తీయడం, ఆ మూసలో ఎబొనైట్ గొట్టాన్ని నిలబెట్టి చుట్టూ రెజిన్ నింపడం.

ఏ బొమ్మ అన్నదానికి నాకు ఎక్కువ ఆలోచన పట్టలేదు. అమరావతి స్తూపం చుట్టూ ఉండిన రాతి ప్రాకారానికి పైవరుసలో, ఉష్ణీషం అనే భాగం మీద, లావుపాటి పూలదండ ఒకటి అలలుగా సాగిపోతుంది. దాన్ని మోసేవారి భుజాల దగ్గర పైకి లేస్తుంది, మధ్యలో కిందికి వాలుతుంది. ఆ వంపుల్లో తామరలు, ఇతర చిహ్నాలు ఉంటాయి. దండకు అక్కడక్కడ నగల్లాంటి కట్లు ఉంటాయి. ఈ శిల్పాలు ఇప్పుడు అమరావతిలోని మ్యూజియంలో కొన్ని, చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో కొన్ని, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. మొదటి రెండు చోట్లా నేను చూశాను. గుండ్రటి ప్రాకారం చుట్టూ తిరిగిన దండ గుండ్రటి పెన్ను చుట్టూ తిరగడానికి పుట్టినట్టే ఉంటుంది, ఎక్కడా మొదలూ చివరా వెతకనక్కరలేదు. ఆ శిల్పులు పలనాటి సున్నపురాతిలో ఎంత తక్కువ లోతులో ఎన్ని అంతరువులు చూపించారో చెన్నైలో పక్క నుంచి వెలుతురు పడే చోట నిలబడి చూసినప్పుడు నాకు అర్థమైంది. లోతు ఎక్కువ ఉండటం వల్ల బొమ్మ లేచినట్టు కనిపించదు. ఒక అంతరువుకూ మరో అంతరువుకూ మధ్య అంచు ఎలా తిరిగిందన్నదే కంటికి ఎత్తును చూపిస్తుంది.

దండ మోసే మనుషులను మాత్రం వదిలేశాను. పెన్ను మీద ఒక్కో మనిషికి దక్కేది 8 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ కొలతలో ముఖం ముఖంలా ఉండదు, బొడిపెలా ఉంటుంది. అంత గొప్ప శిల్పాన్ని అలా కుదించడం నాకు సబబు అనిపించలేదు. దండను ఎత్తిపట్టే చోట మనిషికి బదులు ముడుచుకున్న తామర మొగ్గను నిలిపాను. పైనా కిందా తామర రేకుల వరుస ఒకటి. మొత్తం పొడవు 30 మిల్లీమీటర్లు.

కొలతలు మొదట కాగితం మీద తేల్చుకోవాలి. నా పెన్ను గొట్టం వ్యాసం 13 మిల్లీమీటర్లు. బొమ్మ అతి ఎత్తయిన చోట 0.8 మిల్లీమీటర్లు లేవాలనుకున్నాను, అంటే అక్కడ వ్యాసం 14.6. దాని చుట్టుకొలత దాదాపు 46 మిల్లీమీటర్లు. ఆ వెడల్పున్న కాగితం పట్టీ మీద దండను మూడు అలలుగా పంచాను. రెండు అలలైతే మరీ సాగినట్టుంది, నాలుగైతే ఇరుకైంది. కాగితం పట్టీని కడ్డీకి చుట్టి రెండు కొసలూ కలిసే చోట గీతకు గీత కలుస్తోందా అని చూడటం ఈ పనిలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. పిల్లలకు స్తూపాకారపు వక్రతల వైశాల్యం చెప్పేటప్పుడు ఇప్పుడు ఆ పట్టీనే చూపిస్తున్నాను.

చెక్కడం మొదలుపెట్టే ముందు పెడన వెళ్లాను. మచిలీపట్నం పక్కనున్న ఆ ఊళ్లో కలంకారీ అద్దకానికి టేకు చెక్కతో అచ్చులు చెక్కేవారున్నారు. నూలు గుడ్డ మీద పడే ప్రతి గీతా ముందు చెక్క మీద ఉబ్బెత్తుగా నిలిచిన గీతే. అక్కడ ఒక పెద్దాయనకు నా కాగితం పట్టీ చూపించాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "మాస్టారూ, మీరు లోతు గురించే అడుగుతున్నారు. గోడ ఎలా ఉంటుందో చెప్పండి ముందు" అన్నారు. గోడ అంటే గీత పక్కన కిందికి దిగే అంచు. నిట్టనిలువుగా దిగితే పైగీత సన్నబడిన కొద్దీ విరుగుతుందట. లోపలికి తవ్వుకుపోతే మొదలే బలం ఉండదు. పైన సన్నగా, అడుగున కాస్త వెడల్పుగా వాలితే గీత ఎన్నాళ్లయినా నిలుస్తుంది. "బాబాయి గారూ, వాలు సంగతి లెక్కల మాస్టారుగా నేను మీకు చెప్పాల్సింది పోయి, మీరు నాకు చెబుతున్నారు" అని నేనంటే ఆయన నవ్వి, తన ఉలి ఒకటి చేతికిచ్చి పనికిరాని చెక్క ముక్క మీద ఆ వాలు కోయించారు. చేతికి తెలిసిన దాన్ని పుస్తకం ఎంత వివరించినా చాలదు. మూసలోంచి పోత విడివడి రావడానికి కావలసింది కూడా సరిగ్గా ఆ వాలే.

నమూనాకు అంకుడు కర్ర వాడాను. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దీనితోనే. మెత్తగా, తెల్లగా, నార దాదాపు కనిపించనంత సన్నగా ఉంటుంది. ఏ దిక్కుగా కోసినా చీలిక పరుగెత్తదు. ఏటికొప్పాక వారు లేత్ మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనించి, రాపిడి వేడికే రంగు ఎక్కిస్తారు. ఆ లక్క కూడా ప్రకృతి ఇచ్చిన రెజినే. లేతూ, రెజినూ కలిసి పనిచేయడం మన దగ్గర తరతరాలుగా ఉన్నదే.

కర్రను 14.6 మిల్లీమీటర్లకు తిప్పి, పట్టీని పలుచటి జిగురుతో అంటించి, గీతల వెంట సన్నటి కత్తితో గాట్లు పెట్టాను. తరువాత నేలను, అంటే బొమ్మ లేని భాగాన్ని, 0.8 మిల్లీమీటర్లు దించాలి. గుండ్రటి కర్ర మీద నేలను సమంగా దించడం చాలా ఓపిక కోరే పని. లేత్ చక్‌కు విభజన పలక బిగించి, కర్రను కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిచోటా కాలిపర్‌తో కొలుస్తూ పోవాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే బొమ్మ ఎంత అందంగా ఉన్నా మొత్తం మొరటుగా కనిపిస్తుంది. నా మట్టుకు నేను పువ్వుల కంటే నేలకే ఎక్కువ సమయం ఇచ్చాను, ఇవ్వాలని కూడా చెబుతాను.

ఉన్న 0.8 మిల్లీమీటర్లను మూడు అంతరువులుగా పంచాను. దండ నడుము పూర్తి ఎత్తులో ఉంటుంది. తామర రేకులు 0.5 దగ్గర. కాడలు, సరిహద్దు గీతలు 0.3 దగ్గర. దండ మీద పూలను ఒక్కొక్కటిగా చెక్కి, నడుము నుంచి అంచుకు పోయే కొద్దీ చిన్నవి చేశాను. అందువల్ల దండ ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. ఇది అమరావతి రాయిలో చూసి నేర్చుకున్నదే.

చెక్కడం సగమైనప్పుడే నమూనాకు పాత పెన్ను ముందుభాగం బిగించి రాసి చూశాను. రాసేటప్పుడు వేళ్లు పట్టేది పాళీకి దగ్గరగా, నున్నటి భాగాన్ని. గొట్టం వెనుక భాగం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న మెత్తటి చర్మానికి ఆనుతుంది. ఉబ్బెత్తు పని వచ్చి పడేది సరిగ్గా అక్కడే. ఒక పేజీ రాస్తే ఏమీ తెలియదు. జవాబు పత్రాలు దిద్దుతూ కూర్చుంటే రేకుల కొనలు చర్మానికి తగలడం తెలిసింది. అప్పుడు ప్రతి రేకు కొననూ కాస్త వంచి నేలలోకి వాల్చాను. కంటికి ఆ తేడా కనిపించదు. చేతికి మాత్రం పెన్నే మారిపోయినట్టు ఉంది. నమూనా దశలోనే చేతిలో పెట్టుకుని గంటలు గంటలు రాయాలన్నది నేను గట్టిగా చెప్పే మాట. మూస తీశాక నమూనాలో ఉన్నదంతా ప్రతి పెన్నుకూ వస్తుంది.

కర్ర రంధ్రాలు మూయడానికి స్పిరిట్‌లో కరిగించిన లక్కను పలుచగా పూతలు పూతలుగా వేశాను. చిక్కగా వేస్తే సన్న గీతలు పూడిపోతాయి.

ఇక సిలికాన్. ఇది రెండు రకాలు. తగరం ఉత్ప్రేరకంగా గట్టిపడేది ఒకటి, ప్లాటినంతో గట్టిపడేది ఒకటి. మొదటిది చవక, దాదాపు దేని మీదైనా గట్టిపడుతుంది, కాని కాలం గడిచే కొద్దీ స్వల్పంగా కుంచించుకుపోతుంది. రెండోది కొలత నిలుపుకుంటుంది, ఎక్కువ పోతలకు నిలుస్తుంది, కాని గంధకం తగిలితే గట్టిపడదు, జిడ్డుగా మిగిలిపోతుంది. నా మూసలో ఎబొనైట్ గొట్టం భుజాలు సందు లేకుండా కూర్చోవాలి, లేకపోతే రెజిన్ పక్కలకు కారుతుంది. కాబట్టి కొలత నిలిపే ప్లాటినం రకమే కావాలి. అయితే నా పనిబల్ల నిండా ఉండేది గంధకం నిండిన ఎబొనైట్ రజనే. అందుకని మూస పని వంటింటి అరుగు మీదికి మార్చాను. రబ్బరు పాల చేతి తొడుగులు కూడా ఈ సిలికాన్‌కు పడవు, వినైల్ తొడుగులు వేసుకోవాలి. మామూలు ప్లాస్టిసిన్ మట్టిలోనూ చాలా రకాల్లో గంధకం ఉంటుంది, నమూనాను నిలబెట్టడానికి గంధకం లేనిదే కొనాలి. లక్క పూసిన కర్ర ముక్క మీద ఒక చుక్క వేసి, గట్టిపడిందని చూసుకున్నాకే అసలు పోత పోశాను. ఒకసారి గట్టిపడిన సిలికాన్‌కు తరువాత ఎబొనైట్ తగిలినా ఏమీ కాదు.

నమూనాను ఒక ప్లాస్టిక్ పైపు ముక్క మధ్యలో నిటారుగా నిలిపి, మొదట కుంచెతో బొమ్మ సందుల్లోకి సిలికాన్ పట్టించి, ఆపైన సన్నటి ధారగా ఒక మూల నుంచి పోయాలి. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రెజిన్‌ను గాలి ఒత్తిడిలో గట్టిపరచేటట్టయితే మూసను కూడా ఒత్తిడిలోనే గట్టిపరచాలి. లేకపోతే సిలికాన్ లోపల మిగిలిన బుడగలు రెజిన్ పోసి ఒత్తిడి పెట్టినప్పుడు నొక్కుకుపోతాయి. ఆ చోట మూస గోడ లోపలికి గుంట పడి, పోత మీద బొడిపెలు లేస్తాయి. బయటకు ఏ లోపమూ కనిపించని మూస కూడా ఇలా పోతను చెడగొడుతుంది. ఒత్తిడి కోసం నేను వాడేది పెయింటు కొట్టేవారి ప్రెజర్ ట్యాంకు, చదరపు అంగుళానికి 40 పౌండ్ల దగ్గర పెడతాను. దానికి సేఫ్టీ వాల్వు ఉంటుంది. వంట కుక్కరును దీనికి వాడే ఆలోచన ఎవరూ చేయవద్దు. అది ఈ ఒత్తిడికి చేసినది కాదు, మూత ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది.

మూస గట్టిపడ్డాక పొడవునా ఒక గాటు పెట్టి నమూనాను బయటికి తీయాలి. ఆ గాటు గీత పోత మీద సన్నటి గుర్తుగా కనిపిస్తుంది. అది దండను ఎక్కడో ఒకచోట దాటక తప్పదు. అమరావతి దండకు ఉన్న కట్లు గుర్తున్నాయి కదా. మూడు అలల్లో ఒకదాని మీద అలాంటి కట్టును ముందే చెక్కి ఉంచాను. గాటు సరిగ్గా ఆ కట్టు అంచు వెంట పోయి, రెండు రేకుల మధ్య నేలలోంచి బయటికి వచ్చింది. ఎక్కడుందో చెబితే తప్ప చూసినవారికి కనిపించదు.

ఎబొనైట్ గొట్టంలో 30 మిల్లీమీటర్ల మేర వ్యాసాన్ని 13 నుంచి 11కు తగ్గించాను. లోపల ఇంకు నిలిచే రంధ్రం 8.5 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ చోట గోడ మందం 1.25 మిగులుతుంది. అంతకంటే పలుచన చేయడానికి నాకు మనసొప్పలేదు. రెజిన్ గట్టిగా పట్టుకోవడానికి ఆ గాడిలో సన్నటి మర కోసి, గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచాను. రెండు వైపులా నిలిచిన నల్లటి భుజాలు రెజిన్ అంచులకు కాపలా.

రెజిన్‌లలో ఎపాక్సీ రకాన్నే ఎంచుకున్నాను, ఎందుకంటే అది గట్టిపడేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుంటుంది. పాలియెస్టర్ చవక, కాని ఘాటు వాసన, ఎక్కువ కుదింపు, పెళుసుతనం. పాలీయురెథేన్ నిమిషాల్లో గట్టిపడుతుంది, గాలిలో తేమ తగిలితే నురుగెత్తుతుంది. గోదావరి ఒడ్డున తేమకు కొదవ లేదు. ఎపాక్సీకి కూడా వానాకాలం మంచిది కాదు, గట్టిపడ్డాక పైన తెల్లటి జిడ్డు పొర కడుతుంది. అది గోరువెచ్చని సబ్బు నీళ్లతో పోతుంది గాని, రాకుండా చూసుకోవడమే మేలు. రోహిణి కార్తె ఎండల్లో కలిపితే సిరంజిలోకి ఎక్కించే లోపే చిక్కబడుతుంది. అందుకే పోత పని సంక్రాంతి దాటిన తరువాత, మధ్యాహ్నం పూట పెట్టుకున్నాను.

రంగు విషయంలో నాకు మొదటి నుంచీ ఒకటే కోరిక, పలనాటి రాయి రంగు రావాలి. కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు అది. పిడుగురాళ్ల వైపు సున్నపురాయి పొడి తెప్పించి, వస్త్రగాళితం పట్టి, చెమ్మ పోయేలా సన్నటి మంట మీద వేయించి చల్లార్చాను. 100 పాళ్ల రెజిన్‌కు 60 పాళ్ల పొడి కలిపాను. రాతి పొడి కలిసిన రెజిన్ ప్లాస్టిక్ మెరుపు కోల్పోతుంది, చేతికి చల్లగా, బరువుగా తగులుతుంది, కుదింపు ఇంకా తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ కలిపితే చిక్కబడి రేకుల కొనల్లోకి పోదు. తెలుపు రంగు కాస్త, ఆకుపచ్చ మరీ కాస్త, మట్టి రంగు సూదిమొన మీద పట్టేంత. ఎండిన నమూనా చుక్కలను పగటి వెలుతురులో పెట్టి పోల్చుకోవాలి. రాత్రి దీపం కింద ఎంచిన రంగు పొద్దున చూస్తే మరోలా ఉంటుంది.

ఒక పెన్నుకు పట్టే రెజిన్ ఒకటిన్నర మిల్లీలీటరే. అంత కొంచెం కలిపితే పాళ్లు కుదరవు. నేను 20 గ్రాములకు తక్కువ కలపను, మిగిలినదాన్ని క్లిప్పు గుండీలకు, రంగు పరీక్షలకు వాడతాను. తూచేటప్పుడు ఒకటి గమనించాలి. సీసా మీద రెండు పాళ్లకు ఒక పాలు అని ఉంటే అది పరిమాణమా, బరువా అన్నది చదవాలి. గట్టిపరిచే ద్రవం తేలిక కాబట్టి ఆ రెండు కొలతలూ ఒకటి కావు. ఈ పనిలో జిగురుగా మిగిలిపోయే పోతలకు చాలావరకు కారణం ఇదే.

రాళ్లపొడి రెజిన్‌ను పైనుంచి పోస్తే గాలి అడుగున చిక్కుకుంటుంది. కాబట్టి మూస అడుగున ఒక సన్న దారి, పైన మరో దారి ఉంచి, అడుగు నుంచి సిరంజితో నెమ్మదిగా ఎక్కించాను. రెజిన్ పైకి లేస్తూ గాలిని ముందుకు తోసుకుపోతుంది. పైదారిలోంచి బుడగలు లేని రెజిన్ కనిపించేదాకా ఎక్కించి, రెండు దారులూ నిండి ఉండగానే ట్యాంకులో పెట్టి ఒత్తిడి ఎక్కించాలి. మరునాడు అదే వేళకు తీయవచ్చు. పూర్తి గట్టిదనం రావడానికి వారం పడుతుంది, ఆలోగా లేత్ ఎక్కించకూడదు.

మూస గాటు విప్పి వెనక్కి వలిచినప్పుడు నల్లటి గొట్టం నడుమ పాలరాతి ఛాయలో దండ కనిపించిన క్షణం గురించి ఎంత రాసినా తక్కువే. మొగ్గల మీద నేను పెట్టిన ఈనెలు, కత్తి మొన తగిలిన గీతలతో సహా అన్నీ వచ్చాయి. నిజానికి నున్నగా ఏ గీతా లేకుండా ఉండే కంప్యూటర్ చెక్కడాల కంటే కత్తి జాడ ఉన్న ఈ పోత నాకు ఎక్కువ నచ్చుతుంది. దండ కడుతున్న చేతి వేగం అందులో ఉంటుంది.

ఉబ్బెత్తు భాగాన్ని గరుకు కాగితంతో రుద్దకూడదు. రుద్దితే రెండు నష్టాలు. అంచులు మొద్దుబారతాయి, పైన ఉన్న పలుచటి రెజిన్ పొర పోయి రాతి పొడి బయటపడుతుంది. సున్నపురాయికి ఆమ్లం పడదు. ఇనుము కలిసిన పాతకాలపు సిరాలు ఆమ్ల గుణం కలవి, అవి తగిలితే మరక పడటమే కాదు, రాయిని తినేస్తాయి. అందుకని గాటు గీత దగ్గర, రెండు దారుల మొదళ్ల దగ్గర మాత్రమే సన్నటి ఆకురాయితో సరిచేసి, ఆ చోట్లను పలుచటి లాకరుతో మూశాను. తరువాత నీళ్లలో పలుచన చేసిన ముదురు గోధుమ రంగును మొత్తం పూసి, ఆరేలోగా గుడ్డతో తుడిచాను. రంగు సందుల్లో నిలిచి, ఎత్తుల మీద పోయింది. ఈ ఒక్క పనితో మూడు అంతరువులూ విడివిడిగా కళ్లకు కట్టాయి. పైన మైనం పూత. భుజాలను, మిగతా ఎబొనైట్‌ను నీళ్ల కాగితాలతో నునుపు చేసి మెరుగు పెట్టాను. రెజిన్, ఎబొనైట్ రెండింటి రజనూ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్కు లేకుండా లేత్ దగ్గరికి పోవద్దు.

పాళీ, దాని కింద సిరా అందించే నాలుక బిగించడం, క్యాప్ మరలు కోయడం మామూలు పెన్నుకు చేసినట్టే, కొత్తగా చెప్పవలసింది లేదు. వేళ్లు పట్టే భాగాన్ని మాత్రం ఎబొనైట్‌తోనే, ఏ అలంకారమూ లేకుండా ఉంచాను. చెమట పట్టిన చేతికి అంత హాయిగా ఉండే పదార్థం మరొకటి నేను చూడలేదు.

ఎండలో ఆగిన కారులో ఈ పెన్నును వదలవద్దని తీసుకున్న ప్రతివారికీ చెబుతున్నాను. మామూలు ఎపాక్సీ పోతలు 50 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడటం మొదలవుతాయి, మన వేసవిలో మూసిన కారు అంతకంటే వేడెక్కుతుంది. ఎబొనైట్‌కు కూడా ఎండ పడదు, నలుపు క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంది.

మొదటి పెన్నును రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర దస్తావేజులు రాసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయన చేతికిచ్చాను. జీవితమంతా గంటల కొద్దీ రాసిన చెయ్యి అది. కొన్ని రోజులు వాడి తిరిగి ఇచ్చేటప్పుడు, "మాస్టారూ, అందం సంగతి నన్ను అడగకండి, అది మా ఇంట్లోవాళ్లే చెప్పారు. నా చేతికి మాత్రం ఇది ఇంకొంచెం వెనక్కి ఉండాలి. నేను పెన్నును పొట్టిగా పట్టుకుంటాను" అన్నారు. ఆయన పట్టు చూస్తే నిజమే, ముందువైపు రేకుల వరుస చర్మపు మడత మీదికి వస్తోంది. ఎంత వెనక్కి అని అడిగితే, గొట్టం మీద గోటితో గుర్తు పెట్టి చూపించారు.

ఆ గుర్తును కొలిస్తే 6 మిల్లీమీటర్లు వచ్చింది. ఇప్పుడు కొత్త అంకుడు కర్ర మీద దండను అంత వెనక్కి జరిపి చెక్కుతున్నాను. ముందువైపు రేకుల వరుసను 0.5 నుంచి 0.3కు దించాను. వెనక్కి జరిపిన దండ గొట్టం చివరి వంపు మొదలయ్యే చోటికి వస్తుంది, అక్కడ వ్యాసం తగ్గుతుంది కాబట్టి పట్టీని సూటి దీర్ఘచతురస్రంగా గీస్తే చాలదు, కాస్త వంపు తిరిగిన ముక్కగా గీయాలి. ఆ లెక్క ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చాను. వాళ్లు తేల్చిన కొలతతోనే పట్టీ కోస్తాను.